కట్టు కాల్వ పోయిన దారి

పెద్దనాయన పోయాడు. మా ఊరి చెరువు నీళ్లను కనిపెట్టుకుని ఉండే చివరి నీరటి ఆయనే. దినాలకని వెళ్లి, కొన్నాళ్లు తమ్ముడింట్లో ఉండి వచ్చాను. వచ్చినప్పటి నుంచి మనసంతా ఆ చెరువు వెనకాలే ఉంది. అందరికీ కనబడే కట్ట, తూము, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి గురించి కాదు నేను చెప్పేది. వాటి వెనక ఉన్న గుట్ట, గుట్ట మీది పొదలు, వాటి కింద పుట్టే ఒర్రెలు, ఆ ఒర్రెల నీళ్లను మెట్ట చెలకల పక్క నుంచి మోసుకొచ్చే కట్టు కాల్వ. కట్ట మీద నిలబడ్డప్పుడు కూడా పెద్దనాయన చూపు నీళ్లకు అవతల, గుట్ట మీదే ఉండేది. "చెరువు నిండాలంటే కట్టను గాదు బిడ్డా, గుట్టను చూడాలె" అనేవాడు.

మా ఊరు చేవెళ్లకు, షాబాద్‌కు నడుమ ఉంటుంది. ఊరి పేరు వద్దు గానీ, మా గుట్ట మీద పడ్డ వాన ఎటు పోతుందో చెప్తాను. గుట్ట నుంచి మా చెరువుకు, చెరువు మత్తడి దుంకితే కింది ఊరి కుంటకు, ఆ కుంట నుంచి ఇంకో చెరువుకు, అక్కణ్నుంచి ఈసీ వాగుకు, వాగు నుంచి హిమాయత్‌సాగర్‌కు. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తితే లంగర్‌హౌజ్ అవతల బాపూఘాట్ కాడ మూసీలో కలుస్తాయి. మూసీ పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. చిన్నప్పుడు నాకిదంతా తెలియదు. మా చెరువు మా ఊరిదే అనుకునేవాణ్ని. పెద్దనాయనకు మాత్రం పై ఊరి నీరటి, కింది ఊరి నీరటి ఇద్దరూ రోజూ యాదికొచ్చే మనుషులే. ఊళ్ల మధ్య ఎన్ని పంచాయితీలున్నా ఆ ముగ్గురి మధ్య కబురు ఆగేది కాదు.

ఆయనకు ముందు మా తాత నీరటి. జీతమంటూ ఏమీ లేదు. పంట నూర్చాక కల్లాల దగ్గర రైతులు కొలిచిచ్చే మేర వడ్లే ఇంటిల్లిపాదికీ ఆధారం. చెరువు నిండని ఏడాది ఊరు ఎంత ఎండిందో మా ఇల్లు అంతకన్నా ముందే ఎండేది. అందుకే మా ఇంట్లో వాన గురించి మాట్లాడుకునే తీరు వేరుగా ఉండేది. "వాన పడ్డదా" అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. "గుట్ట మీద పడ్డదా" అని అడిగేవాళ్లు.

*

రోహిణి కార్తె ఎండలు మాడ్చేస్తున్నప్పుడు ఊళ్లో డప్పు చాటింపు పడేది. కట్టు కాల్వ తీసుడుంది, ఇంటికో మనిషి పారో గంపో పట్టుకుని రావాలని. తెల్లారకముందే బయల్దేరేవాళ్లు. అవ్వ జొన్న రొట్టెలు, ఉల్లిగడ్డ, పచ్చి పులుసు మూట కట్టి నా తల మీద పెట్టేది. నేను పెద్దనాయన వెనక నడిచేవాణ్ని. చీకట్లో ముందు వినబడేది పారల చప్పుడే. ఎండిన మట్టి మీద ఒక చప్పుడు, ఇసుక మీద ఒక చప్పుడు, రాయి తగిలితే ఖణేల్‌మని ఇంకో చప్పుడు. ఆ చప్పుడును బట్టే పెద్దనాయన "ఆడ మేట పడ్డది, ఇంకా లోతు తియ్యుండ్రి" అని దూరం నుంచే కేకేసేవాడు.

కాల్వ గుట్ట మొదట్లో రెండు ఒర్రెలు కలిసే చోట మొదలయ్యేది. అక్కడ రాళ్లు పేర్చిన చిన్న అడ్డుకట్ట ఉండేది. అది నీళ్లను పూర్తిగా ఆపేది కాదు, పక్కకు మళ్లించేది అంతే. అక్కణ్నుంచి కాల్వ నేల వాలును పట్టుకుని, ఎక్కడా దూకకుండా, ఎక్కడా నిలవకుండా, చెలకల అంచుల్లో వంకర్లు తిరుగుతూ బండ్ల బాట కింది మోరీలో దూరి చెరువులోకి చేరేది. తిన్నగా తవ్వితే దగ్గర దారే. కానీ వడిగా వచ్చిన నీళ్లు కాల్వను కోసేస్తాయి, మట్టినంతా తెచ్చి చెరువులో పోస్తాయి. ఆ వంకర్లన్నీ ఎవరో ఎప్పుడో ఆలోచించి పెట్టినవి. వాలు తెలియని చోట పెద్దనాయన కుండెడు నీళ్లు పోసి, వాటి మీద గుప్పెడు ఊక చల్లేవాడు. ఊక ఎటు కదిలితే అటే వాలు. ఏ పరికరమూ లేకుండా మైలు దూరం కాల్వను అలా సరిచేయడం కళ్లారా చూశాను.

కాల్వలో ప్రతిదీ తీసెయ్యనిచ్చేవాడు కాదు. మలుపుల్లో ఉన్న వావిలి పొదల మీద పార వేస్తే కోపం వచ్చేది. ఒడ్డు నిలబడేది వాటి వేళ్లతోనే. కాల్వ చెరువులో కలిసే మొన దగ్గర తుంగ ఏపుగా పెరిగేది, దాన్నీ ముట్టనిచ్చేవాడు కాదు. ఎర్రగా వచ్చిన నీళ్లు ఆ తుంగలో నెమ్మదించి, మట్టిని అక్కడే వదిలేసి లోపలికి పోయేవి. తరవాత అదే తుంగ నుంచి ఆడవాళ్లు చాపలకు కోసుకునేవాళ్లు, అది కూడా వానలు వెనకబట్టాకే. గుట్ట మీద పచ్చి కొమ్మ నరకొద్దు, ఎండు పుల్ల ఏరుకోవచ్చు. మోదుగాకులు విస్తళ్లకు కోసుకోవచ్చు, చెట్టు మోడు చేయొద్దు. దసరా ముందు సీతాఫలాలు తెంపొద్దు. ఇవేవీ కాగితం మీద లేవు. కానీ ఎవరైనా మీరితే ఊరంతా కట్ట మైసమ్మ దగ్గర కూర్చునేది.

*

మొదటి వరద వచ్చే రోజు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

వాన మా ఇంటి మీద పడి వెలిసిపోయేది. చూరు నీళ్లు కూడా ఆగిపోయేవి. అంతా అయిపోయిందనుకుంటే, పెద్దనాయన కట్ట మీద కూర్చుని చెవి పెట్టేవాడు. గుట్ట దగ్గర పడ్డ నీళ్లు కాల్వలోకి రావడానికి చాలా సేపు పట్టేది. గడ్డి తాగాలి, ఆకు తాగాలి, మట్టి తాగాలి, అప్పుడు గానీ ఒర్రె కదలదు. ముందు ఏదో సన్నగా గలగల. తరవాత నురగ, ఎండు పేడ, మోదుగాకులు, కొట్టుకొచ్చే చీమల గుంపులు. వాటి వెనక ఎర్ర నీళ్లు. పిల్లలం కాల్వ ఒడ్డున వరద మొన వెంబడి పరిగెత్తేవాళ్లం, అది చెరువులో పడేదాకా.

ఆ రాత్రికి కప్పలు. నెలల తరబడి నెర్రెలు విచ్చిన మట్టి కింద ఎక్కడున్నాయో, ఒక్క వానకు వేలకు వేలు బయటికొచ్చి అరిచేవి. తెల్లవారేసరికి చేపలు ఎదురెక్కేవి. పరకలు, జెల్లలు మత్తడి బండల మీద, కాల్వలో, మోకాలి లోతు లేని ఒర్రెల్లో కూడా పైకి ఎగబాకేవి. గుడ్లు పెట్టడానికి వాటికి కొత్త నీళ్లు, ఎగువన లోతు లేని గడ్డి మడుగులు కావాలి. ఊళ్లో వాళ్లు బుట్టలతో కాపు కాసేవాళ్లు. కానీ కాల్వ మొదట్లో, ఒర్రెలు కలిసే చోటికి పైన ఎవరూ పట్టకూడదు. అక్కడిదాకా చేరిన చేపను వదిలేయాలి. పెద్దనాయన ఆ రెండు మూడు రోజులు ఒర్రె దగ్గరే కర్ర పట్టుకుని తిరిగేవాడు. "ఇప్పుడు దీన్ని తింటే వచ్చే ఏడు ఏం తింటరు" అని కసురుకునేవాడు. కొర్రమట్టలకు కాల్వతో పనిలేదు. అవి చెరువు బురదలోనే ఎండాకాలమంతా దాక్కుని బతికేవి.

చేపల వెనక కొంగలు, నీటికాకులు. చెలకల్లో తీతువులు. వాటి గుడ్లు నేల మీదే ఉంటాయి కదా, దున్నేటప్పుడు మా నాయన ఆ నాలుగు మూరల చోటు వదిలేసి అరక తిప్పేవాడు. మోట బావి మీదికి వంగిన ఈత చెట్టుకు గిజిగాడి గూళ్లు వేలాడేవి. రాత్రి అయితే గుట్ట మీద నక్కల ఊళ. ఒకటి మొదలుపెడితే అవతలి గుట్ట నుంచి జవాబు వచ్చేది. అవ్వ మమ్మల్ని భయపెట్టడానికి ఆ ఊళను వాడుకునేది గానీ, నాకెప్పుడూ భయం వేయలేదు. అది వినబడితే నిద్ర పట్టేది.

చలికాలంలో చెరువు తగ్గుతూ లోపలి నేల, శిఖం, బయటపడేకొద్దీ బాతులు దిగేవి. తెల్లటి తల మీద రెండు నల్ల గీతలున్న పెద్ద బాతులు. మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాలు దాటి వస్తాయని బడిలో సారు చెప్తే నమ్మలేదు. పగలంతా నీళ్ల నడుమ నిలబడి, రాత్రి మా శనగ చేన్లలో మేసేవి. నాయన తిట్టుకునేవాడే గానీ రాయి విసిరేవాడు కాదు. శిఖంలోనే దోస పాదులు, గొర్రెల మందలు, పశువులు, నత్తలు ఏరుకునే కొంగలు, అన్నీ ఒకే నేల మీద. ఆ నేల ఎవరిదీ కాదు కాబట్టే అందరిదీ అయింది.

గుట్ట తాగిన నీళ్లను ఒక్కసారే వదలకపోవడమే అన్నిటికన్నా గొప్ప సంగతి అని నాకు చాలా ఏళ్లకు అర్థమైంది. వానలు ఆగిపోయి నెలలైనా ఒర్రెలో సన్నటి ధార సంక్రాంతి దాకా ఉండేది. ధార ఆగిన తరవాత ఇసుకలో చెలిమె తోడితే నీళ్లు ఊరేవి. పొద్దున ఆడవాళ్లు బిందెలతో ముంచుకునేవాళ్లు. వాళ్లు వచ్చేసరికే చెలిమె చుట్టూ తడి ఇసుకలో అడుగులుండేవి. కుందేలువి, ముంగిసవి, నెమలివి, ఒక్కోసారి ఏదుపందివి. మా చిన్నమ్మ రోజూ వాటిని చూసి రాత్రి ఎవరెవరు వచ్చి తాగిపోయారో చెప్పేది. నీళ్లు ముంచుకున్నాక చెలిమెను పూడ్చకుండా, ఒక పక్క వాలుగా గీసి వచ్చేది, చిన్న జీవాలు లోపల పడిపోకుండా దిగి తాగడానికి.

*

జోరు వానల రాత్రుళ్లు పెద్దనాయన ఇంట్లో ఉండేవాడు కాదు. గొంగడి కొప్పెర వేసుకుని, కందిలి పట్టుకుని కట్ట మీదే. నేనూ కొన్నిసార్లు మొండికేసి వెంట వెళ్లాను. ఎండ్రకాయల బొక్కల నుంచి నీళ్లు కారడం మొదలైతే అది బుంగగా మారడానికి ఎంతోసేపు పట్టదు. కట్ట వెనక నడుస్తూ, అరికాళ్లకు కొత్త తడి తగులుతుందేమో చూసుకునేవాడు. గడ్డి, మట్టి మూటలు సిద్ధంగా ఉండేవి. అర్ధరాత్రి పై ఊరి నీరటి మనిషి తడిసి ముద్దయి వచ్చి "మాది మత్తడి దునికింది" అని చెప్తే, మా వాళ్లలో ఒకరు అదే పరుగున కింది ఊరికి వెళ్లేవాళ్లు.

అలాంటి ఒక రాత్రి తాత మూసీ తుగ్యానీ, అంటే మూసీకి వచ్చిన పెద్ద వరద గురించి చెప్పాడు. ఆయన చూసింది కాదు, వాళ్ల నాయన చెప్పింది. పైనుంచి ఒక్కో చెరువు తెగుతూ, తెగిన చెరువు నీళ్లు కింది చెరువును తెంపుతూ, అలా పట్నం దాకా పోయిందట. 1908 సెప్టెంబరు 28న హైదరాబాద్‌ను ముంచిన ఆ వరదలో వేల మంది పోయారు. అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. పెద్దయ్యాక ఇంజనీరు విశ్వేశ్వరయ్య గారి లెక్కలు చదివితే తాత మాట నిజమేనని తెలిసింది. మూసీ, ఈసీ పరివాహక ప్రాంతంలో అప్పటికి 788 చెరువులున్నాయి, చదరపు మైలుకు దాదాపు ఒకటి. ఆ వరదలో 221 తెగాయి. అందులో మా ఈసీ వైపు 414 చెరువులుంటే 88 తెగాయి.

ఆ లెక్క చూసినప్పుడు నాకు తెగిన చెరువుల కన్నా తెగనివే ఎక్కువ కనబడ్డాయి. ఈసీ మీద 326 కట్టలు ఆ రాత్రి నిలబడ్డాయి. ఒక్కో కట్ట మీద కందిలి పట్టుకుని ఎవరో ఒకరు తిరిగి ఉంటారు. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

ఆ వరద తరవాతే రెండు పెద్ద జలాశయాలు కట్టారు. మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్. పట్నానికి వరద తప్పింది, తాగునీళ్లూ దొరికాయి. అవి ఎత్తున ఉండటంతో నీళ్లు వాలు మీదనే నగరానికి నడిచి వచ్చేవి, మోటారు అక్కర్లేకుండా.

*

చదువయ్యాక నాకు నగరంలో నీళ్లు శుద్ధి చేసే చోట చిన్న ఉద్యోగం దొరికింది. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల నీడలో బస్సు నడుస్తుంటే, నా పక్కనే ఎక్కడో మా ఒర్రె నీళ్లు కూడా అటే పోతున్నాయని అనుకునేవాణ్ని. ఆ ఊహ నాకు చాలా ధైర్యంగా ఉండేది. కొత్త ఊరు, కొత్త మనుషులు, అయినా నీళ్లు మాత్రం మావే.

పని ఏమిటంటే గాజు జాడీల్లో వచ్చిన నీళ్లు పట్టి, ఒక్కోదానిలో ఒక్కో మోతాదు పటిక కలిపి, ఎందులో మట్టి తొందరగా అడుగుకు దిగుతుందో చూడటం. కొత్త వరద రోజుల్లో అందరికీ టెన్షనే. జాడీల వరస పగలూ రాత్రీ నడిచేది. పటిక వాసన, క్లోరిన్ వాసన బట్టలకు పట్టి ఇంటిదాకా వచ్చేవి. అక్కడ నాతోపాటు పనిచేసిన పెద్దాయన ఒకరు రంగు చూసి వాన ఎక్కడ పడిందో చెప్పేవాడు. ఇటుక రంగులో ఉంటే చెలకల వైపు, బూడిద నలుపులో ఉంటే రేగడి భూముల వైపు. కొన్నాళ్లకు నాకూ ఆ చూపు పట్టుబడింది. ఎర్ర జాడీ ఎత్తి వెలుగుకు పెడితే మా కట్టు కాల్వ మొన, తుంగ, పెద్దనాయన అందులోనే కనబడేవాళ్లు.

ఏళ్లు గడిచేకొద్దీ ఆ జాడీల్లో ఇంకో మార్పు కనబడింది. మొదట్లో పెద్ద వాన పడితే నీళ్ల రంగు నెమ్మదిగా ముదిరి, రోజుల తరబడి ఉండి, నెమ్మదిగా విరిగేది. తరవాత్తరవాత వాన పడగానే గబాలున బురద, అంతలోనే ఏమీ లేదు. ఎగువన నీళ్లను పట్టి ఉంచేది ఏదో పోయిందని నాకు అర్థమైంది. సెలవుకు ఊరికి వెళ్లి పెద్దనాయనను అడిగితే, ఆయన ఏమీ అనకుండా నన్ను గుట్ట దగ్గరికి తీసుకెళ్లాడు. గుట్ట సగం లేదు. కంకర మిషన్ రొద. పొదల మీద, చెలిమె మీద, ఆకుల మీద తెల్ల దుమ్ము. నక్కల గురించి అడగాలనిపించలేదు.

ఆ తరవాత అన్నీ ఒకదాని వెనక ఒకటి. బోర్లు వచ్చాయి. బోర్లు వచ్చాక చెరువు నిండినా నిండకపోయినా పర్వాలేదు అనే మాట ఊళ్లో మొదటిసారి విన్నాను. ఆ మాటతోనే రోహిణి కార్తె చాటింపు ఆగిపోయింది. పారతో రమ్మంటే ఎవరూ రాలేదు. మేర వడ్లు ముందు తగ్గాయి, తరవాత లేవు. బావులు ఎండాయి, బోర్ల లోతు వందల అడుగులకు పోయింది. కింద తోడుకునే నీళ్లు కూడా పైన గుట్ట, ఒర్రె, చెరువు ఇంకించినవే కదా అని పెద్దనాయన గొంతు పోయేలా చెప్పాడు. రైతులు చెడ్డవాళ్లేమీ కాదు. పిల్లల ఫీజులకు పంట కావాలి, పంటకు రేపటికల్లా నీళ్లు కావాలి. గుట్ట ఇచ్చే నీళ్లు నిదానంగా వస్తాయి.

1996లో 111 జీవో వచ్చినప్పుడు నేను సంతోషపడ్డాను. రెండు జలాశయాల నిండు మట్టం నుంచి 10 కిలోమీటర్ల లోపల, 84 గ్రామాల్లో కాలుష్యం చేసే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రాకూడదన్నారు. మంచి ఉత్తర్వు అది, ఇవాళ్టికీ ఆ మాటే అంటాను. కానీ హిమాయత్‌సాగర్‌కు నీళ్లిచ్చే నేల సుమారు 1,300 చదరపు కిలోమీటర్లు. మా ఊరు ఆ గీతకు అవతల పడింది. మా గుట్టను కాపాడే ఉత్తర్వేదీ రాలేదు. గీతకు లోపల కూడా గోడలు లేస్తూనే ఉన్నాయి. 2022లో ఆ ఆంక్షలను తీసేస్తూ 69వ నంబరు జీవో ఇచ్చారు. ఇప్పుడు నగరం నాగార్జునసాగర్ నుంచి కృష్ణ నీళ్లు, యల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో, మోటార్లతో ఎత్తి తెచ్చుకుంటోంది కాబట్టి ఇక ఈ జలాశయాల అవసరం తీరిందని కొందరంటారు. 2020 అక్టోబరులో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తి, కింద మూసీ ఒడ్డు బస్తీలు మునుగుతుంటే టీవీలో చూశాను. ఆ రాత్రి ఆ జలాశయం లేకపోతే ఏమయ్యేదో ఆ మాట అన్నవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి. పైన ఉన్న వందల చెరువులు, కుంటలు బాగుంటే ఆ గేట్ల మీద అంత భారం పడేదా అనీ ఆలోచించాలి.

*

మొన్న దినాలకు వెళ్లినప్పుడు చెరువులో నీళ్లున్నాయి. పూడిక తీశారు, కట్టకు కొత్త మట్టి పోశారు, మైసమ్మకు గుడి కట్టారు. చూడటానికి బాగుంది. కానీ కట్టు కాల్వ లేదు. చెరువుకు దగ్గరగా పడ్డ వాన మాత్రమే అందులోకి వస్తోంది. ఒర్రె నీళ్లు ఒక ఫాంహౌస్ గోడకు తగిలి, పక్కకు తిరిగి, రోడ్డు మీద పారి, ఊరి దళితవాడలో ఇళ్లలోకి వస్తున్నాయట. రెండేళ్లుగా పెద్ద వాన పడితే అదే వరస. మా చిన్నమ్మ ఇంటి గోడకు నడుము ఎత్తున బురద గీత ఉంది. ఎండాకాలం అదే వాడకు ట్యాంకర్ వస్తుంది.

పెద్దనాయన చివరి రోజుల్లో మంచం మీద నుంచే తమ్ముడికి కాల్వ దారి చెప్తూ ఉండేవాడట. సగం మాటలు అర్థమయ్యేవి కావట. అది విన్నాక నాకు నిలబుద్ధి కాలేదు. మర్నాడు పొద్దున్నే తమ్ముణ్ని, వాడి కొడుకును వెంటబెట్టుకుని గుట్ట మొదటి నుంచి నడిచాం. పిల్లాడు ఫోన్‌లో దారి నమోదు చేశాడు. నేను కాగితం మీద రాశాను. రెండు ఒర్రెలు కలిసే చోట అడ్డుకట్ట రాళ్లు ఇంకా ఉన్నాయి, లంటానా పొదల కింద. అక్కణ్నుంచి మొదటి వంకర దాకా కాల్వ గుర్తుపట్టొచ్చు. వావిలి ఇంకా బతికే ఉంది. తరవాత మామిడి తోట, తోటలో కాల్వను పూడ్చి డ్రిప్ పైపులు వేశారు. ఆ తరవాత ఫాంహౌస్. వాచ్‌మన్ మంచివాడు, లోపలికి రానిచ్చాడు. గోడ అవతల లాన్ నడుమ చింతచెట్టు నిలబడి ఉంది. కాల్వ ఆ చెట్టుకు కుడివైపు నుంచి పోయేదని నేను, ఎడమవైపు నుంచని తమ్ముడు.

ఇద్దరం వాదులాడుకుంటూ చిన్నమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమెకు చూపు సరిగ్గా లేదు. "చెట్టుకు పొద్దుగూకే దిక్కున పోతుండె. బండ్ల బాట మోరీ రెండోది గాదు, మూడోది. రెండోది పాటిగడ్డ నీళ్లు పోయేదానికి. మీకిద్దరికీ తెల్వదు" అంది. మళ్లీ వెళ్లి చూశాం. మూడో మోరీలో వేలు పెట్టి మట్టి గీకితే పాత సున్నం, దాని వెనక రాతి తాపడం. కాగితం మీద దిద్దాను.

గ్రామ నక్షా కోసం తమ్ముడు అర్జీ పెట్టాడు. అందులో కాల్వ గీత ఉంటే ఫాంహౌస్ వాళ్లతో మాట్లాడటం తేలిక. గోడ కింద పైపు వేసుకోనిచ్చినా చాలు. ఈలోపు రోహిణికల్లా మూడో మోరీ నుంచి చెరువు దాకా ఉన్న ముక్కనైనా తీయిస్తానంటున్నాడు. వాడలో పదిహేను ఇళ్ల వాళ్లు ఇంటికొకరు వస్తామన్నారు, మిగతాది జేసీబీతో. గంటకు ఎంతవుతుందో కనుక్కుంటున్నాడు, నేను డబ్బు పంపిస్తానన్నాను. మలుపులో వావిలి ఉన్న చోటికి, చెరువులో కలిసే మొన దగ్గరికి మాత్రం మిషన్‌ను పోనివ్వొద్దని, అక్కడ పారతోనే తీయాలని గట్టిగా చెప్పాను. నేను వచ్చేదాకా ఆ రెండు చోట్లా ఆగమన్నాను.